ఈశాన్యంలో పధ్నాలుగు క్వింటాళ్లు

నేను ఒక రాతి రోలర్‌ని. క్రికెట్ పిచ్ చదును చేయడానికి పుట్టాను. పధ్నాలుగు క్వింటాళ్లుంటాను. నన్ను లాగినవాళ్లంతా నన్ను తిట్టారు. అందులో తప్పు లేదు, నేను తేలిక కాను. మనుషులు మాత్రం తేలిక. యాభై ఏళ్లు చూసి చెబుతున్న మాట ఇది.

మా కొండ వేగిపురానికి ఆరు మైళ్ల దూరంలో ఉండేది. ఇప్పుడు లేదు, కంకర కొట్టి రోడ్లకు పోశారు. ఎర్రన్న అనే రాళ్లు కొట్టే మనిషి ఒకే బండ నుంచి రెండు రోలర్లు తీశాడు, నన్నూ నా జతనూ. ఇరవై రెండు రోజులు ఉలి ఆడించాడు. ఇరుసు కోసం బెజ్జం వేసేటప్పుడు నా జత నిలువునా పగిలింది. ఎవరో దాన్ని ముక్కలు చేసి గుమ్మాలకు మెట్లుగా పట్టుకుపోయారు. నేను పగల్లేదు. గట్టి రాయి అన్నారు. గట్టితనం కాదు, ఉలి కాస్త పక్కకు పడింది, అంతే.

నన్ను చేయించుకున్నది ఊళ్లోని గోనెసంచుల మిల్లు మేనేజరు. ఆయనకు ఆట పిచ్చి. మిల్లు పక్క బీడును గ్రౌండు చేయించి, కార్మికుల్లో పదకొండు మందిని ఏరి తెల్లబట్టలు కుట్టించాడు. నన్ను లాగడానికి ఇంకో ఆరుగురిని పెట్టాడు. ఆ ఆరుగురిలో ఒకడు పైడిరాజు. కాళ్లు సన్నం, నోరు పెద్దది. మొదటి రోజు నా ఇనుపకడ్డీ పట్టుకుని, "ఏటిరా ఇది, ఏనుక్కి కాళ్లు ఇరిసేసి ఒగ్గేసినట్టుంది" అన్నాడు. మిగతా ఐదుగురూ నవ్వారు. నేను నవ్వలేదు.

మిల్లు మూతపడింది. మేనేజరు వెళ్లిపోయాడు. యంత్రాలు అమ్ముడుపోయాయి, లాగేవాళ్లు చెదిరిపోయారు. గ్రౌండు మునిసిపాలిటీకి దక్కింది. నన్నెవరూ ఎత్తలేకపోయారు కాబట్టి నేనూ గ్రౌండుతో పాటు దక్కాను. పైడిరాజు ఎక్కడికీ పోలేదు. మునిసిపాలిటీ అతన్ని గ్రౌండుకు కాపలాగా పెట్టుకుంది. నీళ్లు కొట్టేదీ, గడ్డి పీకేదీ, మేకల్ని తోలేదీ అతనే. మిల్లు టీములో మిగిలినవాళ్లూ వాళ్ల తమ్ముళ్లూ కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ఇప్పుడు దానికి కెప్టెన్ గౌరీశు, ఎరువుల కొట్టులో బస్తాలు తూచే మనిషి. పొద్దున్నే క్లబ్బు వాళ్లు ఆరుగురు వచ్చి నన్ను లాగుతారు, పైడిరాజు పిచ్ మీద నీళ్లు చల్లుతాడు. అంతకు మించి ఆ గ్రౌండుకు దిక్కు లేదు.

మునిసిపాలిటీ లేదా అని మీరడగొచ్చు. ఉంది. గడ్డి కోయించమంటే గేటు కట్టించారు. నీళ్లకు గొట్టం అడిగితే గేటు మీద ఆర్చి కట్టించారు. పిచ్‌కు నల్లమట్టి తోలించమంటే ప్రహరీకి రంగులేయించి ఆటల బొమ్మలు గీయించారు. ఆ బొమ్మలో బ్యాటు పట్టినవాడు బౌలరుకు వీపు చూపించి నిలబడతాడు. గీసినవాడు ఆట ఎప్పుడూ చూడలేదు. చూద్దామని వచ్చిన రోజున గేటుకు తాళం వేసి ఉంది.

ఇక శంకుస్థాపనలు. స్టేడియం కడతామని పదకొండుసార్లు చేశారు. ప్రతిసారీ గుంట పిచ్ నడిమధ్యే తవ్వారు, గ్రౌండులో శుభ్రంగా ఉన్న చోటు అదొక్కటే కాబట్టి. కొబ్బరికాయ కొట్టి, నవధాన్యాలు పోసి, ఫోటో దిగి వెళ్లేవారు. మర్నాడు పైడిరాజు గుంట పూడ్చి నీళ్లు కొట్టేవాడు, నన్ను దొర్లించేవారు. పదకొండు స్టేడియాలను నేనొక్కదాన్నే తొక్కేశాను. తర్వాత నవధాన్యాలు మొలిచేవి. పెసలు మొలిచిన చోట బంతి పడితే ఎటు పోతుందో వేసినవాడికీ తెలియదు.

కిందటి శీతాకాలంలో ఒక ఎగ్జిబిషన్ ఆసామి వచ్చి, గ్రౌండు తనకిస్తే రంగులరాట్నం పెడతానన్నాడు. కౌన్సిల్ తీర్మానం చేసింది. ఫిబ్రవరి ఆఖరు ఆదివారంలోగా జిల్లా లీగ్ మ్యాచ్ ఒక్కటైనా పూర్తిగా జరిగితే గ్రౌండు ఆటలకే ఉంటుంది. జరగకపోతే రంగులరాట్నానికి పోతుంది. జిల్లా సంఘం పరిశీలకుడు వచ్చి పిచ్ బాగుందంటేనే మ్యాచ్. ఆ తీర్మానం విన్న రోజు పైడిరాజు అన్నం క్యారేజీ మూత కూడా తీయలేదు. నాకు ఆనుకుని కూర్చుని గ్రౌండు వైపు చూశాడు. అతనికి అరవై ఎనిమిదేళ్లు. ఆ నేలకు తప్ప ఇంకెవరికీ అతను చేసిన పని తెలియదు.

సరిగ్గా అప్పుడే చైర్మన్ జోగినాయుడికి ఒక అనుమానం వచ్చింది. పదకొండు శంకుస్థాపనలు జరిగితే ఒక్క గోడైనా లేవలేదేం? నిధులు రాలేదని ఇంజనీరు చెప్పబోతే, ఆ మాట వినలేదు. వాస్తు చూసే భీమశంకరం సిద్ధాంతిని పిలిపించాడు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని గ్రౌండంతా తిరిగి, కుళాయి పక్కన నిలబడి ఉన్న నా మీద వేలు పెట్టాడు.

"ఈశాన్యంలో పధ్నాలుగు క్వింటాళ్ల బరువు పెట్టుకుని స్టేడియం ఎక్కడొస్తుందండీ? బరువనేది నైరుతిలో ఉండాలి" అన్నాడు.

యాభై ఏళ్లు నేలను చదును చేసిన నేను ఊరికి పట్టిన దోషమని ఆ రోజు తెలిసింది. పధ్నాలుగు మంది నన్ను ఎత్తుగా ఉన్న నైరుతి మూలకు ఈడ్చారు. మేళం పెట్టారు. నా చుట్టూ ఇనుప కంచె వేసి, తాళం చెవి చైర్మన్ ఆఫీసుకు పట్టుకుపోయారు. ఇకమీదట నన్ను కదపకూడదని ఆర్డరు.

పైడిరాజు ఆఫీసుకు వెళ్లాడు. రోలర్ లేకపోతే పిచ్ లేదు, పిచ్ లేకపోతే మ్యాచ్ లేదు అని చెప్పుకున్నాడు. చైర్మన్ దుర్మార్గుడేం కాడు. ఆలోచించాడు. రోలర్ పిచ్ దగ్గరికి వెళ్లకూడదు కాబట్టి పిచ్‌నే రోలర్ దగ్గరికి తెమ్మన్నాడు.

తెచ్చారు. నైరుతి మూలలో, గేటు పక్కన, కొత్త పిచ్ వేశారు. కంచెను ఇరవై రెండు గజాలు పొడిగించి, అందులోనే నన్ను అటూ ఇటూ దొర్లించారు. గౌరీశు ఫాస్ట్ బౌలరు. అతను పరుగు మొదలుపెట్టాలంటే గేటు దాటి, రోడ్డు దాటి, అవతలి ఇడ్లీ బండి దగ్గర నిలబడాలి. బస్సు రాకుండా చూసుకుని పరిగెత్తాలి. ఒకసారి సగం దారిలో ఆటో అడ్డమొస్తే ఆగిపోయాడు. ఆటోవాడు తల బయటపెట్టి, ఎక్కుతావా ఎక్కవా అని అడిగాడు.

పరిశీలకుడు వచ్చి టేపు పట్టాడు. ఒక పక్క బౌండరీ పదకొండు గజాలు వచ్చింది. టేపు చుట్టేసుకుంటూ, ఇక్కడ బ్యాటు అడ్డం పెడితే సిక్సరు, వదిలేస్తే రోడ్డు ప్రమాదం అన్నాడు. పాత పిచ్ వారంలో బాగుచేస్తే ఆఖరు ఆదివారం మ్యాచ్ ఇస్తానని, లేదంటే తను చేసేదేం లేదని చెప్పి వెళ్లిపోయాడు.

పైడిరాజు ఈసారి ఆఫీసుకు పోలేదు. సిద్ధాంతి ఇంటికి పోయాడు. ఆయన అరుగు కింద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మాట్లాడకుండా నిలబడ్డాడట. గౌరీశు తర్వాత నా దగ్గరే కూర్చుని ఇంకొకరికి చెబుతుంటే విన్నాను. చివరికి సిద్ధాంతికి విసుగొచ్చి పుస్తకం తీశాడు. దోషం నిలిచి ఉన్న బరువుకే గాని కదిలే బరువుకు లేదన్నాడు. నైరుతి విడిచాక ఎక్కడా ఆగకుండా ఉంటే రోలర్ ఎటైనా పోవచ్చు. ఆగిందా, దోషం. చైర్మన్ సరేనన్నాడు. నేను ఆగుతానేమో చూడ్డానికి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఒక ఈల ఇచ్చి గ్రౌండులో కూర్చోబెట్టాడు. ఈల మోగితే మ్యాచ్ రద్దు.

ఆరు రోజులు పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా నేను ఆగలేదు. లాగేవాళ్లు నడుస్తూనే మారేవారు, నడుస్తూనే టీ తాగేవారు. ఒకడు పెళ్లిచూపులకు వెళ్లాల్సి ఉండి కడ్డీ పట్టుకునే చొక్కా మార్చుకున్నాడు. సాయంత్రం పన్నెండు మంది నన్ను ఎగువకు ఈడ్చి నైరుతిలో పెట్టేవారు. ఇన్నేళ్లలో ఆ పిచ్ అంత బాగా ఎప్పుడూ లేదు. మూర్ఖత్వం వల్ల మేలు జరగదని నేననను.

ఆదివారం వచ్చింది. పొద్దున పిచ్ మీద నన్ను దొర్లించారు. మధ్యలో రెండో జట్టు ఆటకు ముందు ఇంకోసారి దొర్లించాలి. ఈలోగా ఎగువకు లాగి మళ్లీ తెచ్చే ఓపిక ఎవరికీ లేదు. అందుకని మ్యాచ్ జరిగినంతసేపూ నన్ను బౌండరీ చుట్టూ తిప్పాలని నిశ్చయించారు. బ్యాటింగ్ జట్టులో ఇద్దరు ఆడతారు, మిగతా తొమ్మండుగురు లాగుతారు. అవుటైనవాడు వచ్చి కడ్డీ పట్టుకుంటాడు. గౌరీశు సున్నాకు అవుటై ప్యాడ్లతోనే వచ్చాడు.

"మావా, ఆడ్డం కన్నా ఇదే సుకంగా ఉందే" అన్నాడు పైడిరాజుతో.

"నీ ఆటకి ఇదే నయంలే, లాగు" అన్నాడు పైడిరాజు.

బంతి నాకు తగిలితే నాలుగు పరుగులని అంపైర్లు తేల్చారు. దాంతో అవతలి జట్టు వాడొకడు వికెట్లు వదిలేసి నన్ను గురిచూడ్డం మొదలుపెట్టాడు. ఒక ఫీల్డరు నా వెనక బంతి కోసం మూడు చుట్లు తిరిగాడు, బంతి నా ముందు దొర్లుతోంది. ఇన్‌స్పెక్టర్ ఈల నోట్లో పెట్టుకుని కళ్లార్పకుండా నన్నే చూశాడు. మ్యాచ్ ఆయన చూడలేదు.

చివరి ఓవరు వచ్చింది. అవతలి జట్టుకు ఆరు పరుగులు కావాలి, ఒక్క వికెట్ మిగిలింది. నేను ఈశాన్యం వైపు వాలులోకి వచ్చాను. లాగాల్సింది అవతలి జట్టు వాళ్లు. వాళ్లది పరాయి ఊరు, మా వాస్తుతో వాళ్లకేం పని? ఒకడు కడ్డీ వదిలి ఆట చూడ్డానికి పరిగెత్తాడు. వెంటనే ఇంకొకడు. చూస్తుండగానే తొమ్మండుగురూ పోయారు. పైడిరాజు ఒక్కడూ మిగిలాడు.

ఒక్క మనిషి నన్ను లాగలేడు. ఒక్క మనిషి నన్ను ఆపలేడు కూడా. చేయగలిగింది ఒక్కటే, చక్రం కింద అడ్డం వేసినట్టు నా కింద రాయి వేయడం. ఆ రాయి ఎప్పుడూ అతని చంకలోనే ఉంటుంది. వేశాడు. అలవాటు కొద్దీ వేశాడు. నేను రాయి మీదికి ఒరిగి, ఆగీ ఆగకుండా కొంచెం ఊగాను. ఎదురుగా ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి బుగ్గలు పూరించాడు. అటు గౌరీశు బంతి పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. ఇంకా ఐదు బంతులున్నాయి. వాలు చివర ప్రహరీ, దాని అవతల మురుగుకాలువ.

పైడిరాజు నా వైపు చూశాడు. యాభై ఏళ్లు పొద్దున్నే నా మీద చెయ్యి వేసి లేచిన మనిషి.

"పో" అన్నాడు మెల్లగా. "ఆక్కుండా పో."

రాయి కాలితో తన్నేశాడు.

నేను ఆగలేదు. ఇన్‌స్పెక్టర్ పూరించిన గాలి బుగ్గల్లోనే ఉండిపోయింది. రూలు ప్రకారం నేను కదులుతున్నాను. కుళాయిని దాటాను, దాని కింది బకెట్టును నలిపాను, గోడను పగలగొట్టాను, కాలువలో పడ్డాను. వెనక ఎవరూ అరవలేదు, అందరూ బంతి వైపే చూస్తున్నారు. కాసేపటికి చప్పట్లు వినిపించాయి. మ్యాచ్ పూర్తయింది. ఎవరు గెలిచారో నాకు తెలియదు, నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. పరిశీలకుడు సంతకం పెట్టాడు. రంగులరాట్నం వేరే ఊరు వెళ్లిపోయింది.

నేను ప్రహరీ బయట పడ్డాను కాబట్టి గ్రౌండుకు దోషం పోయిందని సిద్ధాంతి చెప్పాడు. నన్ను మళ్లీ లోపలికి తేవద్దని చైర్మన్ చెప్పాడు. గోడకు పడిన కన్నం పూడ్చారు. గ్రౌండు బాగుచేయమని ఇన్నేళ్లు అడిగితే కదలని మునిసిపాలిటీ ఆ పని రెండు రోజుల్లో చేసింది. పైడిరాజు పీపాలో సిమెంటు పోసి ఇరుసు పెట్టి ఇంకో రోలర్ చేసుకున్నాడు. మూడు క్వింటాళ్లుంటుందేమో, ఒక్కడే లాగుతాడు. దాన్ని తిడతాడో లేదో తెలియదు. ఇటు మాత్రం ఒక్కసారే వచ్చాడు. కాలువ గట్టు మీద నిలబడి, చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కుని పోయాడు.

నేను సగం బురదలో ఉన్నాను. ఆదివారాలు గోడ అవతల బంతి పడే చప్పుడు వింటాను. తూర్పు చివర, వికెట్లకు మూడు గజాల ఇవతల, నేల బోలుగా మోగుతోంది. పీపా బరువు అక్కడ చాలడం లేదు. నీళ్లు కొట్టి, ఒక పూట ఆరనిచ్చి, నన్ను నాలుగుసార్లు దొర్లిస్తే సరిపోతుంది. ఆ మాట పైడిరాజుకు చెప్పాలి. చెప్పేందుకు నాకెవరూ లేరు.