నాన్నకు వచ్చిన వాక్యం

తట్ట అడుగున నలిగిన నెత్తళ్లు పోసి, మీద నిగనిగలాడేవి పరచడం హెబ్రోనుకు చేయి తిరిగిన పని. సూళ్లూరుపేటలో ఎండుచేపల కొట్టు అతనిది.

కొత్త సంవత్సరం నాడు చర్చిలో అందరూ చూడకుండా తలా ఒక వాగ్దానం కార్డు తీస్తారు. చేతికొచ్చిన వాక్యమే ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట. ఈసారి పళ్లెం పట్టేది సంఘ పెద్ద హెబ్రోను. పొద్దున్నే కార్డులు సర్దుతుంటే నాన్న వాక్యం కనబడింది.

ఆ కథ అమ్మ ఎస్తేరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! పెళ్లి కాకముందు, ఒక కొత్త సంవత్సరం నాడు, వానకు బస్సు చిట్టమూరులో ఆగిపోతే అక్కడి చర్చికి వెళ్లింది. వాక్యానికొక్క కార్డే ఉండాలి. ప్రెస్సువాడు పొరపాటున ఒక వాక్యాన్ని రెండు కార్డుల మీద వేశాడు. ఒకటి ఆమెకు, రెండోది నాన్న టైటస్‌కు వచ్చాయి.

"ఏమ్మా, నా కార్డుగాని నీకాడ పడిందా?" అన్నాడట ఆయన.

"నీది నీ చేతిలోనే ఉండాదిగా, కళ్లు కనపడవా?" అందట ఈమె.

ఆ మాటలే పెళ్లిదాకా వెళ్లాయి. తన కార్డును నాన్న కొట్లో కాటా పైన అంటించాడు. ఉప్పుగాలికి అక్షరాలు రాలిపోయినా పీకనివ్వలేదు.

వాన పడకపోతే, ప్రెస్సువాడు సరిచూసుకుంటే, వరసలో ఒకరు ముందుకు జరిగి ఉంటే, తను లేడు. అలాంటి బేరానికి హెబ్రోను రూపాయి కూడా పెట్టడు. అయినా తను ఉన్నాడు, నిలబడి లెక్క కడుతున్నాడు.

నాన్న పోయి ఆరు నెలలైంది. "ఈ ఏడు నాకు ఆ వాక్యమే రావాల. ఆయన పక్కనున్నట్టుంటాది" అని అమ్మ పండగ ముందు నుంచీ ఒకటే ఆశ.

అమ్మ వంతు వచ్చింది. పొద్దున చూసి పక్కన ఉంచుకున్న నాన్న వాక్యం కార్డును అంచుకు జరిపి, పళ్లెం ఆమె వైపు తిప్పాడు.

"తీసుకోమా."

ఎస్తేరమ్మ చెయ్యి ఆగింది. "ఏరా, ఇది చేపల తట్టనుకున్నావా? కలుపు."

"అమా, వెనక జనం ఉండారు."

"ఉండనీ. అమ్మాలనుకున్న సరుకు నువ్వు ఎట్టా ముందుకు నెడతావో నేను చూడలా?"

వరసలో నవ్వులు. ఆమే చెయ్యిపెట్టి కలిపి, ఒకటి తీసి, కళ్లజోడు పెట్టుకుని చదివింది. కళ్లు తడయ్యాయి.

"మీ నాయనది కాదు. పోనీలే. నువ్వు ఇచ్చుంటే అది నీ కార్డయ్యేది. మాకు అది దానంతటదే వచ్చింది. నువ్వూ అట్టనే వచ్చినావు."

ఆమె వెళ్లి కూర్చుంది. నాన్న వాక్యం ఎవరికి పోయిందో హెబ్రోనుకు తెలియలేదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా మనిషి మనిషికీ కలుపుతూనే ఉన్నాడు.