మూడొందల పన్నెండు ఇండ్ల లేయర్

సుమేరా మౌస్ నొక్కింది. మూడొందల పన్నెండు ఇండ్లు తెర మీంచి మాయమయ్యాయి.

వాటి చోట పచ్చగడ్డి పరుచుకుంది. నాలా ఒడ్డున సిమెంటు బాట మీద తెల్లబూట్ల మనుషులు నవ్వుతూ నడిచారు.

"ఇగో, గిదీ యానిమేషనంటే!" స్టూడియో ఓనర్ సారంగపాణి చేతులు రుద్దుకున్నాడు. "ఎల్లుండి రాళ్లబస్తీల షో. సినిమా చూపెట్టుడు, సంతకాలు తీసుకునుడు. ఖతం."

"ఏం సంతకాలు సార్?"

"ప్లాను చూసినం, మాకు అభ్యంతరం లేదు అని. వారం తిరగకుండ జేసీబీలు దిగుతయ్."

"మరి వాళ్ల ఇండ్లు?"

"ఇండ్లేడున్నయ్? చూడు." తెర వైపు చెయ్యి చూపి నవ్వాడు.

నెల కిందట ఆ బస్తీలో టేపూ కెమెరా పట్టుకుని తిరిగింది సుమేరానే. కొలతలెందుకని అడిగితే, సారంగపాణి చెప్పమన్నట్టే "పట్టాల కోసం" అంది. బస్తీ నమ్మింది. ఫొటోలో మంచిగా పడాలని గోడలకు సున్నాలు వేసుకున్నారు. మిర్చి యార్డులో తాలుకాయలు ఏరే మొగిలమ్మ ఒకరోజు కూలి మానుకుని తలుపుకు నీలం రంగేసింది. దాని పక్కన బిగుసుకుని నిలబడింది.

"మొగిలమ్మ ఇల్లని రాయి బిడ్డా. లేకుంటే పట్టా ఇంకెవలకో పోతది."

సుమేరా రాసింది. కంప్యూటర్లో గీసిన ప్రతి ఇంటి మీదా పేరు రాసింది.

షో సంగతి విన్న సాయంత్రమే బస్తీకి వెళ్లి నిజం చెప్పేసింది. హమాలీ కట్టయ్య ఆమె మీదికి దూకినంత పని చేశాడు.

"మా చాయ్ తాగి మా గోడలే కూలగొడ్తానవా? నీకు మా ఉసురు తాకదా?"

"జర ఆగు కట్టయ్యా," మొగిలమ్మ అడ్డం వచ్చింది. "పిల్లను తర్వాత తిడుదువు. షో సంగతి చెప్పు."

"ఎవ్వలం పోవద్దు!"

"పోకుంటే, ఎవ్వలు కాదనలేదని రాసుకుంటరు. పిల్లజెల్లతోని అందరం పోదాం. ఒక్క సంతకం పడొద్దు."

"సంతకం పెట్టకుంటే పింఛన్ బంద్ పెడ్తరు," వెనక ఎవరో అన్నారు.

"ఇల్లే లేనోనికి పింఛన్ ఏ గడపకు తెచ్చిస్తరురా?" మొగిలమ్మ అడిగింది.

సుమేరా ముందుకొచ్చింది. "ఇండ్ల లేయర్‌ను తీసెయ్యలేదమ్మా. గడ్డి బొమ్మ కింద దాచిన అంతే. మళ్ల చూపెట్టొచ్చు."

"నీ నౌకరి?"

"పోతది."

మొగిలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "గట్లయితే కూసో. చాయ్ తాగు."

షో రోజు పదకొండింటికి కమ్యూనిటీ హాలు కిక్కిరిసింది. కిటికీలకు నల్లగుడ్డలు. బయట రెండు పోలీసు వ్యాన్లు. ప్రాజెక్టు అధికారి మైకు పట్టుకుని, మీ బతుకులు మారబోతున్నాయన్నాడు. సినిమా మొదలైంది. గడ్డి, బాట, తెల్లబూట్లు. లాప్‌టాప్ దగ్గర సుమేరా మౌస్ నొక్కింది. ఒక్కసారిగా గడ్డి అద్దంలా పలచబడింది. దాని కింద నుంచి గోడలు లేచాయి, రేకులు లేచాయి, నీలం తలుపు లేచింది. ప్రతి కప్పు మీదా పేరు.

"అగో, నా ఇల్లు!"

"కట్టయ్య ఇల్లు! పక్కన మాదే!"

పేర్లు చదివే గొంతులతో హాలు దద్దరిల్లింది.

"ఆపు! ఆపు!" సారంగపాణి లాప్‌టాప్ మీద పడ్డాడు. సుమేరాను పక్కకు తోసి, పాత కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చాడు. మళ్లీ పచ్చగడ్డి వచ్చింది.

మొగిలమ్మ లేచి తెర ముందు నిలబడింది. ఆమె పక్కన కట్టయ్య. తర్వాత వరస, ఆ వెనక వరస. గడ్డి వాళ్ల మొహాల మీద పడింది. తెల్లబూట్లు వాళ్ల రొమ్ముల మీద నడిచాయి. ఒక్కరూ కదల్లేదు.

"ఇండ్లు లేవన్నరు," మొగిలమ్మ అరిచింది. "మనుషులున్నరా, లేరా? లెక్కపెట్టు సారూ!"

లాఠీలు లోపలికొచ్చాయి. కట్టయ్య తల పగిలింది. కాగితం మీద ఒక్క సంతకమూ పడలేదు. ప్రభుత్వ పనిని అడ్డుకుందని సుమేరాను వ్యాన్ ఎక్కించారు.

ఆరోరోజు జైల్లో ములాఖత్ దొరికింది. జాలీ అవతల మొగిలమ్మ, తలకు కట్టుతో కట్టయ్య.

"పదకొండు ఇండ్లు కూల్చిండ్లు బిడ్డా. మొదలు నాదే. తర్వాత అందరం జేసీబీ ముందట పండుకున్నం. మర్లిపోయింది. మళ్ల వస్తది."

సుమేరా జాలీ పట్టుకుంది. ఏడవాలనిపించింది గానీ ఏడవలేదు.

"శనివారం నాలాకు ఆ దిక్కు బస్తీల గదే సినిమా వేస్తాండ్లు," కట్టయ్య అన్నాడు. "మేం పోతానం. గడ్డి కింద దాచిన మా ఇండ్ల పేర్లు ఒక్కటి ఇడవకుండ అండ్ల చదవాలె. నీ కంప్యూటర్ల ఉన్నయి గదా?"

"కంప్యూటర్ పోలీసుల తాన ఉన్నదన్నా."

కట్టయ్య మొహం వాడిపోయింది. సుమేరా కళ్లు మూసుకుంది. నెలరోజులు గీసిన గల్లీలు ఒక్కొక్కటే కదిలాయి.

"కాగితం తియ్యి అన్నా. నాలా మూల మీదికెల్లి రాయి. మొదటిది, మొగిలమ్మ ఇల్లు. నీలం తలుపు."

కట్టయ్య రాయసాగాడు. పక్క జాలీల దగ్గర మాటలు ఆగిపోయాయి. అందరూ ఇటే వింటున్నారు.

ఇరవై రెండో ఇంటి దగ్గర కానిస్టేబుల్ కర్రతో బల్ల కొట్టాడు. "టైమైపోయింది. నడువుండ్లి."

మొగిలమ్మ కదల్లేదు.

"ఇంక రెండొందల తొంభై ఇండ్లు రాసేదున్నది సారూ," అంది. "నువ్వు చెప్పు బిడ్డా."