మేస్త్రి కరగబెట్టిన తేనె

కాలువల మేస్త్రికి అసహ్యమనేదే తెలియదని వీధి వీధంతా అనుకుంటుంది. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. వంటింటి తూము పూడిపోయిందంటే ఇంటివాళ్ళు ముక్కు మూసుకుని గుమ్మం బయటికి పరిగెడతారు. ఆయన మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపల ఏముందో తీరిగ్గా చెబుతాడు. వెంట్రుకల ఉండలు, నానిపోయిన గుడ్డపీలికలు, ఒకసారి ఎవరిదో కట్టుడుపళ్ళ సెట్టు. ఇవేవీ ఆయనకు లెక్కలోకి రావు. కానీ ఒక్కటుంది. మాడిన నూనె, మాంసం కొవ్వు, సబ్బు నురగ కలిసి నెలల తరబడి గొట్టంలో పేరుకుని, తెల్లగా, ఇసకలా పలుకులు కట్టి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగే గడ్డ. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా దాన్ని చూస్తే ఇప్పటికీ ఆయన కడుపులో దేవుతుంది. ఆ సంగతి భార్యతో సహా ఎవరికీ తెలియదు. కాలువలు బాగుచేసేవాడికి డోకు వస్తుందని తెలిస్తే పనికెవరు పిలుస్తారు?

అచ్చం అలాంటి గడ్డే ఇప్పుడు ఆయన సొంత వంటింటి అలమారలో, ప్రెషర్ కుక్కరు వెనకాల, ఒక గాజు సీసాలో ఉంది. దాన్ని అక్కడ దాచింది కూడా ఆయనే.

అది మామగారు పంపిన తేనె. మామగారు తేనెటీగలు పెంచుతాడు. చేతులు ముఖమంత శుభ్రంగా ఉంచుకునే మనిషి. ఆరేళ్ళ కిందట, ఆయన కూతురు ఈ మేస్త్రిని చేసుకుంటానని పట్టుబట్టినప్పుడు, మేస్త్రి నిమ్మచెక్కతో చేతులు ఏడుసార్లు కడుక్కుని వాళ్ళింటికి వెళ్ళాడు. మాటల మధ్యలో పెద్దాయనకు దగ్గొచ్చింది. మేస్త్రి చటుక్కున లేచి గ్లాసుతో మంచినీళ్ళు అందించాడు. పెద్దాయన గ్లాసు వంక చూశాడు, దాన్ని పట్టుకున్న వేళ్ళ వంక చూశాడు, దగ్గుతూనే, "నాకు దాహం లేదు," అన్నాడు.

పెళ్ళికి రాలేదు. ఆ తర్వాత ఇంటికీ రాలేదు. కూతురితో ఫోన్లో మాట్లాడేవాడు. అల్లుడి ప్రస్తావన తప్పనిసరైతే "మీ ఆయన" అనేవాడు. అలాంటి మనిషి నాలుగు నెలల కిందట కూతురి పిన్నిగారి చేతికిచ్చి ఈ సీసా పంపాడు. భార్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక పూటంతా ఏడ్చింది. మూత మాత్రం తీయనివ్వలేదు. నాన్న వచ్చాక ఆయన ముందే తీద్దామంది. నాన్న రాలేదు. చలికాలం వచ్చింది, బంగారంలా ఉన్న తేనె అడుగునుంచి పైదాకా తెల్లగా గడ్డకట్టుకుపోయింది.

శుక్రవారం నాడు పెద్దాయన ఫోన్ చేశాడు. "ఆదివారం పదింటికి వస్తున్నా. ఆ తేనె ఎలా ఉందో చూసి పోతా," అన్నాడు. మిమ్మల్ని చూసి పోతాననడానికి నోరు రాక తేనెను అడ్డం పెట్టుకున్నాడని ఇద్దరికీ అర్థమైంది. భార్య కర్టెన్లు ఉతికింది, నేల రెండుసార్లు తుడిచింది, మొగుణ్ణి రెండుసార్లు స్నానానికి తోలి గోళ్ళ సందుల్లో నిమ్మచెక్కతో తానే రుద్దింది. ఆదివారం తొమ్మిదింటికి అలమార తెరిచి సీసా బయటికి తీసింది.

"అయ్యో, మూత కూడా తీయలేదని చూస్తే ఇంకేమైనా ఉందా! నేనిచ్చింది మూల పడేశారంటాడు. ఇంకో ఆరేళ్ళు ఈ గడప తొక్కడు."

"ఆయన ముందే తీద్దామన్నది నువ్వే కదా," అన్నాడు మేస్త్రి, గోడ వైపు చూస్తూ.

"ఇప్పుడు తప్పెవరిదో తేల్చుకునే టైముందా? దీన్ని కరగబెట్టు. సగం వేరే డబ్బాలోకి ఒంపేద్దాం, సగం తిన్నట్టుంటుంది. వేడినీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టి ఊరుకో. ఉడకనివ్వకు. నేను తలస్నానం చేసొస్తా."

"నువ్వు కరగబెట్టుకో. నేను కావాలంటే ఇల్లు మూడోసారి తుడుస్తా."

"ఎందుకట?"

"చూస్తే తిప్పుతోంది."

భార్య నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఊరందరి మురుగులో చెయ్యి పెడతావు. మా నాన్న తేనె చూస్తే నీకు తిప్పుతుందా? మంచి తేనే గడ్డకడుతుందయ్యా మహానుభావా!" అని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మేస్త్రి నీళ్ళు కాచాడు. సీసా అందులో నిలబెట్టి మూత తిప్పాడు. పైన నురగ ఎండి చర్మంలా అతుక్కుని ఉంది. దాని కింద తెల్లటి పలుకుల ముద్ద. కాసేపటికి గాజు అంచు వెంట సన్నగా కరిగి, మధ్యలో గడ్డ జిగురులో కదిలింది. అచ్చం తూములో గడ్డలాగే కదిలింది. మేస్త్రికి నోట్లో నీళ్ళూరాయి, మంచి నీళ్ళు కావవి.

తూము ముందు కూర్చుంటే ఆయనకొక పద్ధతుంది. నోటితో ఊపిరి పీలుస్తాడు. కళ్ళు సగం మూస్తాడు. మనసును ఎటో షికారుకు పంపేస్తాడు. మిగతా పని చేతులే చూసుకుంటాయి. ఇప్పుడూ అలాగే చేశాడు. ఇరవై ఏళ్ళ అలవాటున్న చేతులు, తూములో కొవ్వుగడ్డకు ఏం చేస్తాయో అదే చేశాయి. సింకు కింద నీలం డబ్బాలోంచి గుప్పెడు బట్టల సోడా తీసి గడ్డ మీద చల్లాయి. పైనుంచి సీసా అంచుదాకా మరిగే నీళ్ళు పోశాయి. గడ్డను పొడవడానికి ఇనపకడ్డీ కోసం తడుముతున్నప్పుడుగానీ మేస్త్రికి తెలివి రాలేదు.

సీసాలో సన్నగా నురగ లేచింది. తెల్లటిదల్లా పచ్చబడి, గోధుమరంగుకు తిరిగి, చిక్కటి తేటగా దిగింది. చూడటానికి తేనెకన్నా తేనెలా ఉంది. వాసన మాత్రం బెల్లంలో బట్టలుతికినట్టుంది. మేస్త్రి చిటికెనవేలు ముంచి నాలుక కొసకు తగిలించుకున్నాడు. మరుక్షణం సింకులో తుపుక్కున ఉమ్మి, నాలుకను తువాలుతో తుడుచుకున్నాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, ఇక్కడ కడిగే మందే అడుసైంది.

అప్పుడే తలుపు గంట మోగింది. పదింటికి వస్తానన్న మనిషి పది నిమిషాల ముందే వచ్చాడు.

భార్య తడిజుట్టుకు తువాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సీసా చూసి, "అబ్బ, ఎంత బాగా కరిగిందో!" అని మెటికలు విరిచింది.

"అది కాదే, ఒక్క మాట..."

ఆ మాట వినేలోపే ఆమె తలుపు తీసేసింది.

పెద్దాయన కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎప్పుడైనా లేచిపోయేవాడిలా. ఒళ్ళో గుడ్డసంచి, చేతిలో రుమాలు. ముక్కు పుటాలు రెండుసార్లు కదిలాయి. "కిటికీలు తీసే ఉంచుతారా అమ్మా?" అన్నాడు. ఎదురుగా నిలబడ్డ అల్లుణ్ణి చూసి, "మీ ఆయన పనికి వెళ్ళలేదా?" అని కూతుర్ని అడిగాడు.

"ఇవాళ సెలవు మామయ్యా," అన్నాడు మేస్త్రి.

"మంచిది," అన్నాడు పెద్దాయన గోడ గడియారంతో.

ఈలోగా భార్య వంటింట్లోకి వెళ్ళి, సీసాలోది చిన్న గిన్నెలోకి ఒంపి, చెంచాతో సహా తెచ్చింది. మేస్త్రి కళ్ళతో, కనుబొమ్మలతో, చివరికి గడ్డంతో కూడా సైగలు చేశాడు. సంతోషంలో ఉన్న ఆడపిల్లకు అవేవీ ఎక్కలేదు.

"సగం తినేశాం నాన్నా. ఈయనకైతే పొద్దున్నే చెంచాడు పడకపోతే రోజు గడవదు. ప్రాణం పెడతాడు."

పెద్దాయన గిన్నె అందుకున్నాడు. తల తిప్పాడు. ఆరేళ్ళలో మొదటిసారి అల్లుడి ముఖంలోకి సూటిగా చూశాడు. గొంతు సవరించుకుని అడిగాడు.

"నీకు నచ్చిందా?"

ఆ ఒక్క మాట కోసం భార్య ఆరేళ్ళు కాచుక్కూర్చుంది. ఔనంటే చాలు, ఈ ఇంటికి తండ్రి దక్కుతాడు. పెద్దాయన సోడా మింగినా మర్యాదకొద్దీ నోరెత్తకపోవచ్చు. ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి మేస్త్రికి తన మీద తనకే రోత పుట్టింది, ఏ తూములోనూ పుట్టనంత రోత. చెంచా పెదాల దగ్గరికి వెళ్ళింది. మేస్త్రి ఒక్క అంగలో వెళ్ళి ముసలాయన మణికట్టు పట్టుకున్నాడు.

"తినకండి మామయ్యా. అందులో సోడా పడింది. నేనే వేశాను."

మేస్త్రి చెయ్యి వదల్లేదు. వదిలితే చెప్పలేనేమోనని గబగబా చెప్పేశాడు. "మేం ఒక్క చుక్క కూడా తినలేదు. మూతే తీయలేదు. గడ్డకట్టాక నాకది గొట్టాల్లో పేరుకునే మురుక్కొవ్వులా కనబడింది. చూడలేక కుక్కరు వెనక దాచాను. ఇవాళ కరగబెట్టబోతే చేతులు అలవాటుకొద్దీ సోడా చల్లేశాయి."

"మురుక్కొవ్వా?" అన్నాడు పెద్దాయన. "నా తేనె? ఒళ్ళంతా కుట్టించుకుని తీసిన తేనె?"

"తేనెదేం తప్పు లేదు. మంచిదని తలకు తెలుసు. కడుపుకే తెలియట్లేదు."

పెద్దాయన చెంచా గిన్నెలో పెట్టాడు. తన మణికట్టు మీద ఉన్న వేళ్ళను చాలాసేపు చూశాడు.

"కడుపుకే తెలియదు," అన్నాడు చివరికి. "ఆ రోజు గ్లాసిచ్చావు. నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి, నేను చూశాను. నిమ్మకాయ వాసన కూడా వచ్చింది. అయినా గొంతు దిగలేదు. ఆరేళ్ళుగా నిన్ను తలచుకుంటే నాకూ ఇదే తిప్పడం."

భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తండ్రి మీద కోపంతోనా, మొగుడి మీద కోపంతోనా ఆమెకే తేలలేదు. పెద్దాయనకు మళ్ళీ దగ్గొచ్చింది. ఆమె వంటింటి వైపు కదలబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు కాదమ్మా. అతన్ని తెమ్మను."

మేస్త్రి మంచినీళ్ళు తెచ్చాడు. వేళ్ళకంటిన తేనె జిగురు గ్లాసుకు అంటింది. పెద్దాయన జిగురును చూశాడు, వేళ్ళను చూశాడు, కళ్ళు గట్టిగా మూసుకుని ఆముదం తాగినట్టు గటగటా తాగేశాడు. భుజాలు రెండూ జలదరించాయి. రుమాలుతో నోరు తుడుచుకుని, గుడ్డసంచిలోంచి ఇంకో సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అదీ తెల్లగా గడ్డకట్టే ఉంది. మూత తీసి, చెంచాతో పెద్ద ముద్ద పెకలించి అల్లుడి ముందుకు చాపాడు.

"ఊఁ. నీ వంతు."

మేస్త్రి నోటితో ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు. పలుకులు నాలుక మీద ఇసకలా నలిగాయి, జిడ్డుగా అంగిట్లో అతుక్కున్నాయి. కడుపు పైకొచ్చింది. ఆయన దాన్ని కిందికి తోశాడు. రెండుసార్లు తోయాల్సి వచ్చింది.

"ఎలా ఉంది?" అడిగాడు పెద్దాయన.

"ఘోరంగా ఉంది మామయ్యా. మరి మంచినీళ్ళు?"

"అంతకంటే ఘోరంగా ఉన్నాయి," అని పెద్దాయన ఖాళీ గ్లాసు అల్లుడి చేతికిచ్చాడు. "ఇంకొంచెం పట్రా."