ఫాదర్ మలకీ ముగ్గురు కొడుకులు

డెక్లన్ బ్రెనన్ దగ్గర ఒక బూట్ల పెట్టె ఉంది. అందులో నలభై మూడు చీటీలు ఉన్నాయి. ఒక్కో చీటీ మీద ఒక బ్రెనన్ పేరు, పుట్టిన ఏడు, ఊరు, చేసిన పని. పెట్టెలోకి రావాలంటే బ్రెనన్ అయితే చాలదు, నలుగురూ చెప్పుకునే పని ఒకటి చేసి ఉండాలి. గుర్రప్పందేల్లో గెలిచిన జాకీ ఉన్నాడు. కెన్యాలో ఆసుపత్రి నడిపిన నన్ ఉంది. అర్జెంటీనాలో రైలు వంతెన కట్టినవాడు ఉన్నాడు. ఐర్లండ్‌లోని కార్లో పట్టణంలో పోస్ట్‌మన్‌గా తిరిగిన ముప్పై నాలుగేళ్లలో డెక్లన్ ఈ చీటీలు పోగుచేశాడు. రిటైరయ్యాక వీటన్నిటినీ ఒక చార్టు మీద రాసి చర్చి హాల్లో పెట్టాలనుకున్నాడు. అప్పటికి కీళ్లవాతంతో ఆయన వేళ్లు పెన్ను పట్టడం మానేశాయి.

2020 మార్చి 27న, ఎవరూ ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదని ఐర్లండ్ ప్రభుత్వం చెప్పింది. డెబ్బై దాటినవాళ్లు గడపే దాటకూడదు. డెక్లన్‌కు డెబ్బై ఒకటి.

పక్క ఇల్లు కూడా ఆయనదే. అందులో రెండేళ్లుగా మైథిలి, త్రినాథ్ దంపతులు అద్దెకుంటున్నారు. ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. త్రినాథ్ ఆఫీసు డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో ఉండేది, ఇప్పుడు మేడ మీది గదిలో ఉంది. మైథిలి ఆఫీసు వంటింట్లో ఉంది. ఫిబ్రవరిలో మైథిలి తల్లిదండ్రులు జనార్దనరావు, సూర్యప్రభ తెనాలి నుంచి మూడు నెలలకని వచ్చారు. తరవాత విమానాలు ఆగిపోయాయి. జనార్దనరావుకు అరవై ఆరు కాబట్టి ఆయన గడప దాటవచ్చు. కానీ దాటి ఎక్కడికి వెళ్లాలో తెలియక, రోజూ పదింటికి పెరటి గోడ దగ్గరికి వెళ్లేవాడు. అదే వేళకు అవతలి నుంచి డెక్లన్ వచ్చేవాడు. టేపుతో రెండు మీటర్లు కొలిచి చెరోవైపు కుర్చీ వేసుకున్నారు.

జనార్దనరావు ముప్పై ఒక్క ఏళ్లు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేశాడు. తన చేతిరాత చూసి జిల్లా రిజిస్ట్రార్ ఆగిపోయి ఎవరు రాశారని అడిగిన సంగతి ఆయన డెక్లన్‌కు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి విన్నాక డెక్లన్ లోపలికి వెళ్లి బూట్ల పెట్టె తెచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ బకెట్లో పెట్టి, తాడు కట్టి గోడ మీదుగా ఇవతలికి దించాడు. సూర్యప్రభ మొదటి చీటీని శానిటైజర్‌తో తుడిస్తే సిరా కదిలింది. మిగతావాటిని మూడు రోజులు ఎండలో పెట్టింది. ఆ మూడు రోజుల్లో ఎండ ఒక పూట వచ్చింది.

పుట్టిన ఏడు వరసలో పేర్లు రాసిపెట్టమని మాత్రమే డెక్లన్ అడిగాడు. జనార్దనరావు చీటీలను భోజనాల బల్ల మీద పరిచి చూశాడు. నలభై మూడు మందికీ ఇంటిపేరు ఒకటే, అంటే వాళ్లంతా ఒకే ఇంటివాళ్లు. ఒకే ఇంటివాళ్లను వరసగా రాసుకుంటూ పోతే అది హాజరుపట్టీ అవుతుంది. రాయవలసింది వంశవృక్షం. ఎవరు ఎవరి కొడుకో చీటీల్లో లేదు. ఆ లోటు ఆయన తీర్చాడు. ఇద్దరి మధ్య పాతిక నుంచి ముప్పై అయిదేళ్ల తేడా ఉంటే పైవాణ్ణి తండ్రిని చేశాడు. ఊళ్లు కలిస్తే మరీ మంచిది, కలవకపోతే బతుకుతెరువుకు వెళ్లి ఉంటారు.

ఈ పద్ధతిలో 1868లో పుట్టి కార్లోలో బడి కట్టించిన ఫాదర్ మలకీ బ్రెనన్‌కు ముగ్గురు కొడుకులు వచ్చారు. పెద్దవాడు జాకీ. రెండోవాడు హ్యాండ్‌బాల్ ఛాంపియన్, అంటే డెక్లన్ తాత. మూడోవాడు పడమటి తీరంలోని స్లైగోలో పడవలు కట్టిన పీటర్. మలకీ చర్చిలో పూజారి అని జనార్దనరావుకు తెలుసు. తెనాలిలో ఆయన వీధి చివరి గుడి పూజారికి అయిదుగురు పిల్లలు. పెద్దవాడు ఇప్పుడు అదే గుళ్లో అర్చన చేస్తున్నాడు. పూజారికి కొడుకులు ఉండటం ఆయనకు వింతగా తోచలేదు.

ఏప్రిల్ 24న చార్టు బకెట్లో అవతలికి వెళ్లింది. డెక్లన్ అక్షరాలు చూసి గ్రాండ్ అన్నాడు, మళ్లీ గ్రాండ్ అన్నాడు. కొమ్మలు, గీతలు అలంకారం అనుకున్నాడు. ఆయన కూతురు షినేడ్ ఊళ్లోని మందుల షాపులో పనిచేస్తుంది. ఆమె చార్టును ఫోటో తీసి స్లైగోకు పంపింది.

స్లైగోకు ఎందుకు పంపిందో వారం తరవాత గోడ దగ్గర తెలిసింది. షినేడ్‌కు ఆగస్టులో పెళ్లి. వరుడు కోనర్, స్లైగో ఆసుపత్రిలో నర్సు. పెళ్లయ్యాక కార్లో దగ్గర ఉద్యోగం చూసుకుని ఇక్కడికే వస్తాడు. వాళ్లకు ఇల్లు కావాలి కాబట్టి ఆగస్టు 31తో అయిపోయే లీజును ఇక పొడిగించలేనని డెక్లన్ నేల చూస్తూ చెప్పాడు. మైథిలి అప్పటికే నెట్‌లో వెతికింది. మధులిక బడికి నడిచి వెళ్లేంత దూరంలో అద్దెకు ఒక్క ఇల్లూ లేదు. మధులిక మైథిలి కూతురు, మూడో తరగతి.

జనార్దనరావు ఇంటి సంగతి సగమే విన్నాడు. కోనర్ ఇంటిపేరేమిటని అడిగాడు.

బ్రెనన్ అని డెక్లన్ చెప్పాడు. చీటీల్లోని పడవల పీటర్ మునిమనవడే.

జనార్దనరావు లోపలికి వెళ్లి చార్టు చిత్తుప్రతి తీశాడు. వేలు పెట్టి కిందికి దిగాడు. హ్యాండ్‌బాల్ ఛాంపియన్ మునిమనవరాలు షినేడ్, పీటర్ మునిమనవడు కోనర్. ఇద్దరూ ఒకే వరసలో తేలారు. మర్నాడు పదింటికి గోడ దగ్గర కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"డెక్లన్, ఈ సంబంధం వద్దు. వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లవుతారు."

డెక్లన్ కుర్చీలోంచి లేచాడు. "ఇల్లు కావాలంటే ఇల్లు కావాలని అడుగు, రావ్. నా కూతుర్ని మధ్యలోకి తేకు."

కుర్చీ మడిచి చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తరవాత పదింటికి రాలేదు.

మూడో రోజు షినేడ్ మైథిలికి ఫోన్ చేసింది. కోనర్ తల్లి నోరా చార్టు ఫోటోను పెద్దది చేసి చూసింది. తన భర్త తాత పీటర్‌ను ఒక ఫాదర్‌కు కొడుకుగా రాశారు. ఆ ఫోటో అప్పటికే స్లైగోలో పదిహేడు ఇళ్లకు చేరింది. ఇది తేలేదాకా పెళ్లి మాట ఎత్తవద్దని నోరా చెప్పింది. షినేడ్ ఏడ్చింది.

మైథిలి ఇదంతా చెబుతుంటే జనార్దనరావు తల ఊపాడు.

"చూశావా, ఆవిడక్కూడా పట్టింపు ఉంది. ఒకే ఇంటిపేరులో చేసుకోకూడదని తెలిసిన మనిషి."

"నాన్నా, ఆవిడ ప్రాబ్లం అది కాదు. ఫాదర్లకి పెళ్లిళ్లుండవు. నువ్వు ఆయనకి ముగ్గుర్ని రాశావు."

జనార్దనరావు కళ్లజోడు తీశాడు. "ఎవరికీ ఉండవా?"

"ఎవరికీ."

"మరి గుడి ఎవరు చూస్తారే?"

మైథిలికి మీటింగు మొదలైంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

సూర్యప్రభ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే అంది. "ఏవండీ, మీరు కాస్త ఊరుకోండి. ఆ పెళ్లి ఆగితే ఈ ఇల్లు ఉంటుంది. మీరేం చెయ్యక్కర్లేదు. చెయ్యకపోతే చాలు."

మైథిలి హెడ్‌ఫోన్ ఒకవైపు పక్కకు జరిపింది. తల్లి మాట కాదనలేదు. మళ్లీ సర్దుకుంది.

ఆ పూట జనార్దనరావు పెరుగన్నం దాకా రాలేదు, కూర దగ్గరే లేచాడు. సాయంత్రం సూర్యప్రభ అడిగితే చెప్పాడు. ఆఫీసులో దస్తావేజులో తప్పు పడితే దాన్ని సవరణ దస్తావేజు రాసి సరిచేస్తారు. తప్పు రాసినవాడే లాభం చూసుకుని ఊరుకుంటే దానికి పేరు వేరే ఉంది. అలాంటి కేసులో ఒక గుమాస్తా సస్పెండ్ అవడం తను చూశాడు.

"ఇక్కడ మిమ్మల్ని సస్పెండ్ చేసేవాడెవడు?" అంది సూర్యప్రభ.

ఆయన షినేడ్ నంబరు అడిగి తీసుకున్నాడు.

పని పదహారు రోజులు పట్టింది. ఆస్తి రిజిస్ట్రేషన్‌కు వస్తే జనార్దనరావు మొదట అడిగేది లింకు డాక్యుమెంట్లు: ఇది ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎవరి నుంచి వచ్చింది. బ్రెనన్లనూ అలాగే అడిగాడు. చర్చిల బాప్తిజం రిజిస్టర్లు నెట్‌లో ఉన్నాయి. త్రినాథ్ చూపిస్తే ఆయన పేజీ తరవాత పేజీ చదివాడు. ఆ చేతిరాతలను తన ఆఫీసులో అయితే తిప్పి పంపేవాడినని అన్నాడు. జాకీ తండ్రి కార్లోలో కమ్మరి. డెక్లన్ తాత తండ్రి మిల్లులో పనివాడు. పీటర్ తండ్రి స్లైగోలో పీపాలు చేసేవాడు. ముగ్గురు కొడుకులూ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

రెండో చిక్కు మిగిలింది. ఇది నోరాకు లేదు, డెక్లన్‌కు లేదు, జనార్దనరావుకే ఉంది. తండ్రులు వేరైనా ఇంటిపేరు ఒకటే. పైన ఎక్కడో కలుస్తారు. షినేడ్ స్లైగోలో ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ నంబరు సంపాదించి ఇచ్చింది. ఆ లైబ్రేరియన్ ఫోన్‌లో యాభై నిమిషాలు మాట్లాడింది. కార్లో వైపు బ్రెనన్లు పక్కనున్న కిల్కెన్నీ కొండల నుంచి వచ్చారు. స్లైగో బ్రెనన్లు రాస్‌కామన్ వైపు నుంచి వచ్చారు. ఐరిష్‌లో రెండు వంశాల పేర్లు వేరు. ఇంగ్లిష్‌లోకి వచ్చాక రెండూ బ్రెనన్ అయ్యాయి.

మూలపురుషులు ఇద్దరా అని జనార్దనరావు అడిగాడు. ఇద్దరని ఆమె చెప్పింది. కలిసినట్టు ఎక్కడైనా రికార్డు ఉందా అని అడిగాడు. తను చూడలేదని చెప్పింది. ఆయన ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చాడు.

"ఇంటిపేరు ఒకటే. గోత్రాలు వేరు. చేసుకోవచ్చు."

"ఎవరు వద్దన్నారు, మీరు తప్ప?" అంది సూర్యప్రభ.

మే 21న సవరణ దస్తావేజు తయారైంది. ఇంగ్లిష్‌లో మూడు పేజీలు. మొదటి పేరాలో, సదరు చార్టులో ఫాదర్ మలకీ బ్రెనన్ గారికి చూపిన ముగ్గురు కొడుకులను ఇందుమూలముగా ఉపసంహరించడమైనదని, సదరు ఫాదర్ గారికి సంతానము లేదని, ఉండబోదని ఉంది. రెండో పేరాలో, కార్లో బ్రెనన్లు, స్లైగో బ్రెనన్లు వేర్వేరు వంశస్థులని, ఒకరి హద్దులలో మరొకరికి ఏ విధమైన హక్కు, సంబంధము లేవని ఉంది. రెండు వంశాలకూ నాలుగేసి హద్దులు రాశాడు. స్లైగోకు పడమర సముద్రం. మూడో పేరాలో, కనుక వివాహానికి అభ్యంతరము లేదని ఉంది. అడుగున రెండు సాక్షి సంతకాలకు గీతలు గీశాడు. త్రినాథ్ మొదటిది పెట్టాడు.

సూర్యప్రభ పెన్ను తీసుకుంది. "ఈ కాయితంతో మన సామాను మనమే వీధిలో పెట్టుకుంటున్నాం. తెలుసుగా?"

"తెలుసు."

ఆమె తెలుగులో సంతకం చేసింది.

బకెట్ గోడ దాటింది. డెక్లన్ తలుపు తీసి బయటికి వచ్చి మూడు పేజీలూ నిలబడే చదివాడు. మొదటి పేరా మళ్లీ చదివాడు. ఆయన నుంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో దగ్గో తెలియక సూర్యప్రభ ఇవతలి నుంచే రెండడుగులు వెనక్కి వేసింది. డెక్లన్ లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చుకున్నాడు. ఏ పోస్టాఫీసు నుంచి, ఏ పూట రిజిస్టర్ చేస్తే స్లైగోకు మర్నాడే అందుతుందో కూతురికి చెప్పాడు.

అయిదో రోజు పదింటికి నోరా ఫోన్ చేసింది. డెక్లన్ స్పీకర్ పెట్టి ఫోన్‌ను గోడ మీద ఉంచాడు. కాగితం అందిందని, పదిహేడు ఇళ్లకూ ఫోటో పంపానని, పెళ్లి జరుగుతుందని ఆమె చెప్పింది. తరవాత రెండో పేరా గురించి ఒక మాట ఉందని చెప్పింది.

"మా వంశం వేరని, మా హద్దులు వేరని ఇంత స్పష్టంగా ఇదివరకు ఎవరూ రాయలేదు. అలాంటప్పుడు మావాడు వెళ్లి ఆ బ్రెనన్ల హద్దుల్లో ఎందుకుండాలి? ఆసుపత్రివాళ్లు కూడా వదలం అంటున్నారు. అమ్మాయే ఇక్కడికి రావాలి."

షినేడ్ గుమ్మంలో నిలబడి ఉంది. స్లైగోలో మందుల షాపు ఒకటి తనకు ఉద్యోగం ఇస్తానందని చెప్పింది. ఈ సంగతి కోనర్, తను వారం క్రితమే అనుకున్నారు. నాన్నకు ఎలా చెప్పాలో తెలియక ఆగింది. డెక్లన్ ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తన దగ్గర ఉంచుకున్న దస్తావేజు నకలులో రెండో పేజీ తిప్పి హద్దులు చూశాడు.

"రెండు వందల పైచిలుకు కిలోమీటర్లేగా," అన్నాడు జనార్దనరావు. ఆయన కూతురు తెనాలికి ఎంత దూరంలో ఉందో ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడు అయిదు దాటనివ్వరు," అన్నాడు డెక్లన్.

ఆ రోజు బకెట్లో పులిహోర వెళ్లింది. బకెట్ ఖాళీగా తిరిగి రాలేదు. అడుగున లీజు కాగితం ఉంది. పాత లీజే, తేదీ మార్చి ఉంది, రెండేళ్లకు. సూర్యప్రభ దాన్ని మూడు రోజులు ఎండలో పెట్టలేదు.

ఆగస్టు 15న పెళ్లి కార్లోలోనే జరిగింది. యాభై మందికి మించకూడదు కాబట్టి జనార్దనరావు దంపతులు చర్చి కెమెరాలో చూశారు. హాల్లో కొత్త చార్టు పెట్టారు. అందులో చెట్లు రెండు, మధ్యలో ఖాళీ. ఫాదర్ మలకీ ఒక మూలన ఉన్నాడు. ఆయనకు పైనా కిందా గీతలు లేవు.

మర్నాడు గోడ దగ్గర జనార్దనరావు మే నెల నుంచి మనసులో ఉన్నది అడిగాడు. మలకీ గారి తరవాత చర్చి ఎవరు చూశారని.

"బిషప్ ఇంకొకర్ని పంపాడు," అన్నాడు డెక్లన్.

"ఆయన తరవాత?"

"ఇంకొకర్ని."

"అంటే ట్రాన్స్‌ఫర్లు."

"అంతే."

జనార్దనరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ మాట ఏప్రిల్‌లో చెప్పొద్దా? గవర్నమెంటు ఉద్యోగమనుకుని వేరే షీటు మీద రాసేవాణ్ణి."