ఇది టెస్టింగ్ కాదు

ఆ కుట్టుపని కంపెనీలో ఆమెను అందరూ పొగమ్మ అనే పిలిచేవారు. పొడుగాటి కర్ర చివర డబ్బా తగిలించుకుని, పైకప్పుకు బిగించిన స్మోక్ డిటెక్టర్లకు ఉత్తుత్తి పొగ పట్టించడం ఆమె పని. పొగ తగలగానే చెవులు చిల్లులు పడేలా గంట మోగాలి. మోగకపోతే నిచ్చెనెక్కి, విప్పి, దుమ్ము దులిపి, అప్పటికీ పలక్కపోతే మార్చేయాలి.

పాతవి తీసేసి ఈ కొత్తవి బిగించిందీ ఆమే. పాతవి మంట లేచాక గానీ మేలుకునేవి కావు. ఇవి పొగ వాసన తగిలితే చాలు, కేకేస్తాయి. బిగిస్తున్న రోజున, పై అంతస్తులో చొక్కాలు కుట్టే ఆడపడుచు మెషిన్ దగ్గర్నుంచే వెక్కిరించింది.

"మా తమ్ముడి నెత్తిన కూడా ఒకటి బిగించకపోయావా? సిగరెట్లు మానేస్తాడు."

"బిగించా వదినా. మీ తమ్ముడు బ్యాటరీ పీకేశాడు."

గది గదంతా గొల్లుమంది.

ఏడాదికోసారి జరిగే తనిఖీ నాడు పొగమ్మ పొద్దున్నే అంతస్తంతస్తుకూ తిరిగి చెప్పింది. "ఇవాళంతా గంట మోగుతూనే ఉంటుంది. నేనే మోగిస్తా. కంగారు పడకండి, మీ పని మీరు చేసుకోండి." మొదటిసారి మోగినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. రెండోసారి తిట్టుకున్నారు. పై అంతస్తు చివరి గదిలో ఇస్త్రీ చేసే ముసలాయన్ని అందరూ బాబాయి అంటారు. ఆయన తల పట్టుకుని కూర్చుంటే జాలేసి, చెవుల్లో పెట్టుకోమని పొగమ్మే దూది తెచ్చిచ్చింది. మధ్యాహ్నానికి గంట మోగినా తలెత్తి చూసేవాళ్లే లేరు.

భోజనాలయ్యాక ఆమె మధ్య అంతస్తులో నిచ్చెన మీద నిలబడి డిటెక్టర్ మూత తుడుస్తోంది. కర్రా డబ్బా కింద గోడకు ఆనించి ఉన్నాయి. అప్పుడు గంట మోగింది.

తను మోగించలేదు.

నిచ్చెన దిగి మెట్ల దగ్గరున్న ప్యానెల్ చూసింది. కింది గోదాము దీపం ఎర్రగా వెలుగుతోంది. సోఫాల కంపెనీకి అద్దెకిస్తే వాళ్లు స్పాంజి నిల్వచేసుకునే చోటది. ఇవాళ అక్కడ తనింకా అడుగే పెట్టలేదు. మెట్ల మీంచి తొంగి చూస్తే గోదాము తలుపు సందులోంచి బూడిదరంగు పొగ సన్నగా, తొందరేమీ లేనట్టు బయటికొస్తోంది. గోదాము మనిషి దగ్గుతూ ఉరికొచ్చాడు.

"బండి బ్యాటరీ ఛార్జింగ్ పెట్టా... పేలిపోయింది!"

"ఫైరింజన్‌కి ఫోన్ చెయ్!" అని అరిచి ఆమె వెనక్కి తిరిగింది. మధ్య అంతస్తులో గుడ్డ కత్తిరించేవాళ్లు గోదాము మనిషి అరుపులు విని అప్పటికే దిగుతున్నారు. ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తింది.

పైన మెషిన్ల హోరు. గంట ఆ హోరులో మామూలు మోత అయిపోయింది.

"లేవండి! కింద నిప్పంటుకుంది! వెనక మెట్ల మీంచి దిగండి!"

సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. "పొద్దున్నుంచీ ప్రాణం తీస్తున్నావు పొగమ్మా. ఇప్పుడు ఈ నాటకం కూడానా? సాయంత్రానికి సరుకు వెళ్లాలి."

"ఇది టెస్టింగ్ కాదు సార్!"

"టెస్టింగ్‌లో అలాగే చెప్పాలి కాబోలు," అని ఎవరో అన్నారు. నవ్వులు. వదిన కూడా నవ్వింది, పాదం పెడల్ మీంచి తీయకుండానే. "బాగా చేస్తున్నావే మరదలా!"

ఎంత అరిస్తే అంత నాటకంలా ఉంది. పొగమ్మ వెళ్లి వదిన చెయ్యి పట్టుకుని గుంజింది.

"వదులు, గుడ్డ చిరుగుతుంది!"

"మీ తమ్ముడి మీద ఒట్టు వదినా."

వదిన ముఖంలో నవ్వు ఆరిపోయింది. మరదలి కళ్లలోకి చూసింది. చూసీ చూడగానే స్టూలు తన్నేసి లేచింది.

"లేవండే! మా తమ్ముడి మీద ఉత్తినే ఒట్టేసే మనిషి కాదిది! లేవండి!"

అప్పుడు కదిలారు. అప్పటికే ముందు మెట్ల దారి పొగతో మూసుకుపోయింది. వెనకున్న ఇనుప మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ, చెప్పులు వదిలేసి, ఏడుస్తూ దిగారు. ఆవరణలో అందరూ ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటుంటే వదిన అడిగింది.

"బాబాయేడీ?"

చెవుల్లో దూది గుర్తొచ్చి పొగమ్మ ఇనుప మెట్లెక్కింది. తలుపు దగ్గర నల్లటి పొగ ముఖాన కొట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద పాకింది. "బాబాయ్!" అని పిలిస్తే గొంతులోకి పొగే దిగింది. చెయ్యి చాచితే మెషిన్ కాళ్లు తగులుతున్నాయి, దారి తగలడం లేదు. ఎవరో కాలు పట్టుకుని వెనక్కి లాగారు. వదినే. "నువ్వూ పోతావే!" అని ఏడుస్తూ మెట్ల మీదికి ఈడ్చుకొచ్చింది.

బాబాయిని ఫైర్ వాళ్లు భుజాన వేసుకుని దించారు. ఒంటి మీద కాలిన గాయం ఒక్కటీ లేదు. ముక్కు చుట్టూ మాత్రం మసి.

ఆసుపత్రికి ఆయన భార్య ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో చెప్పు వేసుకుని వచ్చింది. పొగమ్మను గుర్తుపట్టి నేరుగా అడిగింది.

"గంట మోగలేదా అమ్మా? కొత్తవి పెట్టారు, చప్పున మోగుతాయని మా ఆయన చెప్పాడే!"

"మోగింది పిన్నీ. చప్పునే మోగింది."

"మరి?"

వదిన ఏదో సర్దిచెప్పబోయింది. పొగమ్మ ఆగమని చెయ్యెత్తింది.

"పొద్దున్నుంచీ నేనే మోగించాను పిన్నీ. ఇదీ నేనే అనుకున్నారు. ఆయనకి దూది కూడా నేనే ఇచ్చాను."

పిన్ని ఆ మాటలు విన్నదో లేదో తెలియలేదు. తలుపు అద్దంలోంచి లోపలికే చూస్తోంది. కాసేపటికి డాక్టర్ బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు.

పిన్ని నిలువునా కూలిపోతూ పక్కనున్న మనిషిని పట్టుకుంది. ఆ పక్కనున్నది పొగమ్మే. ముసలి వేళ్లు ఆమె జబ్బలోకి దిగిపోయాయి. ఆమె వాటిని విడిపించుకోలేదు. మసి వాసన వేస్తున్న కొంగుతోనే ఆ ముసలి ముఖం తుడుస్తూ, ఆ నడవాలో నేల మీద అలాగే కూలబడింది.