పై అంతస్తు కుర్చీ

విప్పుడుకాయ అని ఆ పిల్లకు పేరు పెట్టింది మేనమామ. గడియారం, మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఆఖరికి మామయ్య కళ్లజోడు, ఏది చేతికి దొరికినా విప్పి చూడందే ఆమెకు నిద్ర పట్టేది కాదు. విప్పినవన్నీ తిరిగి బిగించేది కూడా. కాని బిగించిన సంగతి ఎవరికి కావాలి? ఇంటిల్లిపాదికీ విప్పిందే గుర్తు.

పదో తరగతి అయ్యాక వాళ్ల బడిలో రెండు దారులున్నాయి. ఒకటి మామూలు చదువు. రెండోది సగం రోజులు బడి, సగం రోజులు వర్క్‌షాపు. విప్పుడుకాయ ప్రాణమంతా రెండోదాని మీదే ఉంది. అయితే అందులో చేరాలంటే ముందు ఎక్కడైనా ఒక వారం పనికి వెళ్లి, ఈ పిల్లకు చేతిపని వస్తుందని అక్కడి పెద్ద నోట అనిపించుకోవాలి. అనిపించుకోలేకపోతే మళ్లీ పుస్తకాలే గతి.

ఎవరిని ఎక్కడికి పంపాలో తేల్చేది దారి చూపే టీచరు. పాపం, ఆవిడ ఈ బడిలోనే చదివి, ఈ బడిలోనే ఉద్యోగంలో చేరి, ఈ గేటు లోపలే తల నెరిసిన మనిషి. బయట పనులెలా జరుగుతాయో ఆవిడకు గోడమీది పోస్టర్లు చెప్పాలి. విప్పుడుకాయను తూకం మిషన్లు బాగుచేసే కంపెనీకి పంపిందంటే అందులో ఆవిడ తెలివేమీ లేదు, మరెక్కడా ఖాళీ లేదంతే.

"బుద్ధిగా ఉండు. రోజూ సాయంత్రం నువ్వు చూసిందంతా అక్కడి మేనేజరుగారికి పాఠంలా అప్పజెప్పాలి. అది మన బడి పద్ధతి," అంది టీచరు.

కంపెనీకి కింద వర్క్‌షాపు, పైన ఆఫీసు. కింద బల్లల నిండా పళ్లేలు ఊడదీసిన కాటాలు, బస్తాలు తూచే పెద్ద మిషన్లు, వాటి మధ్య నీలం కోటు వేసుకున్న మెకానిక్ అక్క. విప్పుడుకాయ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మేనేజరు ఆగనిస్తేగా!

"చదువుకునే పిల్లవి, ఆ నూనెలో నీకేం పనమ్మా? పైకి రా, ఫ్యాను కింద కూర్చో," అని మెట్లెక్కించి ఒక కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలోంచి చూస్తే ఆఫీసంతా కనిపిస్తుంది. సాయంత్రం దాకా కూర్చుని, అయిదింటికి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి అప్పజెప్పింది.

"గళ్లచొక్కా అంకుల్ పొద్దుటినుంచీ ఒకే కాగితాన్ని ఈ ట్రేలోంచి ఆ ట్రేలోకీ, ఆ ట్రేలోంచి ఈ ట్రేలోకీ మార్చారు సార్. కిటికీ దగ్గర ఆంటీ ఫోన్లో వాళ్ల తోటికోడలితో పోట్లాడారు. భోజనాలయ్యాక రాజీపడ్డారు. మూల సీటు అన్నయ్య కంప్యూటర్లో పేకాడారు. ఓడిపోయారు సార్."

ఆ పిల్ల మనసులో చాడీ చెప్పాలని లేదు. పొల్లుపోకుండా అప్పజెప్పడం ఒక్కటే కదా బడి ఇన్నేళ్లూ నేర్పింది! మేనేజరు మొహం ముందు ఎర్రబడింది. తర్వాత మెల్లగా వెలిగింది.

మర్నాడు ఆ ఆఫీసు తీరే మారిపోయింది. గళ్లచొక్కా అంకుల్ ఆ కాగితాన్ని మొట్టమొదటిసారి చదివాడు. తోటికోడలు ఫోన్ చేస్తే ఆంటీ "పనిలో ఉన్నాను" అంది, ఆ మాటకి అవతల ఆవిడ ఎంత హడలిపోయిందో! పేకాట అన్నయ్య విప్పుడుకాయ ముందు బిస్కెట్ల ప్యాకెట్టు పెట్టి, "చెల్లీ, నన్ను కూడా కాస్త చూస్తూ ఉండు" అన్నాడు. మేనేజరు గొంతు చించుకున్నా కదలని ఆఫీసు, జీతం అక్కర్లేని ఒక పిల్ల కూర్చుంటే పరుగెత్తింది.

ఇక ఆయన ఆ పిల్లను వదుల్తాడా?

"సార్, నేను కిందికి వెళ్తాను. చేతిపని నేర్చుకోవాలి," అంది విప్పుడుకాయ.

"ఇదీ పనేనమ్మా. కూర్చోవడం అందరికీ వస్తుందా?"

"మీరు నాకు చేతిపని వచ్చని చెప్పాలి సార్. లేకపోతే వర్క్‌షాపు కోర్సులో తీసుకోరు."

"నీలాంటి చురుకైన పిల్ల వర్క్‌షాపుకా! ఈ పిల్ల ఆఫీసులోనే ఉండాలని మీ టీచరుకు నేను గట్టిగా చెప్తాగా. నీకెందుకు భయం?"

విప్పుడుకాయకు సంగతి అర్థమైంది. ఈ మహానుభావుడు తనను పొగిడి పొగిడి నట్టేట ముంచేట్టున్నాడు.

మధ్యాహ్నం మొహం వేలాడేసుకుని మెట్లమీద కూర్చుంటే మెకానిక్ అక్క పలకరించింది. సంగతి విని నవ్వింది. "చేతికింద మనిషి కావాలని నేను నెత్తీనోరూ బాదుకుంటున్నా. ఆయన కిందికి ఎవర్ని పంపుతాడో తెలుసా? పైన పనికిరారనుకున్నవాళ్లని. నేనూ అలా వచ్చినదాన్నే."

విప్పుడుకాయ గబగబా చెయ్యి కడుక్కుని పైకి వెళ్లింది. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, గుర్రు పెట్టింది. మామయ్య గుర్రు రోజూ వింటున్న పిల్ల, ఈల దగ్గర్నుంచి ఉరుము దాకా ఒక్కటీ వదల్లేదు. కాసేపటికి పేకముక్కలు బయటికొచ్చాయి. తోటికోడలు మళ్లీ ఫోన్లో దొరికింది.

"ఇవాళ ఏం చూశావు?" అన్నాడు మేనేజరు సాయంత్రం.

"ఏం చూడలేదు సార్. నిద్రపోయాను."

మర్నాడూ అంతే. ఆయనకు ఒళ్లు మండిపోయింది. "మెత్తని కుర్చీ వేస్తే నిద్రపోతావా? పో కిందికి! ఆ నూనెలో ముంచితే గాని నీకు బుద్ధిరాదు!"

నవ్వు బయటపడకుండా బుగ్గలు కొరుక్కుంటూ మెట్లు దిగింది విప్పుడుకాయ.

మెకానిక్ అక్క ఒక కాటాను ఆమె ముందుకు తోసింది. ఒకే తూకపురాయిని పళ్లెం నడిమధ్య పెడితే సరిగ్గా చూపిస్తోంది, ఒక మూలకు జరిపితే తక్కువ చూపిస్తోంది. విప్పుడుకాయ పళ్లెం ఎత్తి, అడుగున ఒక్కో మరా విప్పి చూసింది. ఆ మూల కింద పిండి గడ్డకట్టి పళ్లేన్ని ఆపుతోంది. సన్నని బ్రష్షుతో గీకి, తుడిచి, బిగించి, రాయిని నాలుగు మూలలా మార్చి మార్చి చూసింది. అంకె కదల్లేదు. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. వారంలో మిగిలిన రోజులు ఆమె పైకి చూసిన పాపాన పోలేదు.

శనివారం బడిలో అమ్మ, మామయ్య కూడా వచ్చి కూర్చున్నారు. టీచరు మేనేజరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"ఆఫీసుకు పనికిరాదండీ. కూర్చోబెడితే గుర్రు పెడుతుంది. కింద పడేస్తే కాటాలు బాగుచేసింది, అది కాదనను. చేతిపని తప్ప ఇంకేం రాదండీ ఈ పిల్లకి!"

టీచరు చావు కబురు విన్నట్టు కళ్లు మూసుకుంది. "బాధపడకండమ్మా. అందరూ ఆఫీసర్లు కాలేరు. ఇక చేసేదేముంది, వర్క్‌షాపు కోర్సులోనే వేద్దాం."

"నా కళ్లజోడు విప్పిననాడే అనుకున్నా," అన్నాడు మామయ్య.

అమ్మ కూతురి గోళ్లలో నలుపు చూసి ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. విప్పుడుకాయకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెంటనే కోపమూ వచ్చింది. సార్ సార్ అని మర్యాదగా అడిగితే ఒక్కరికీ వినబడలేదు, గుర్రు పెడితే అందరికీ వినబడింది.

"అన్నట్టు మేడమ్," ఫోన్ ఇంకా మాట్లాడుతోంది, "వచ్చే వారం ఇంకో పిల్లను పంపండి. బాగా చదివే పిల్లయితే మేలు."

టీచరు చూపు వరండాలో నిలబడ్డ ఫస్ట్ ర్యాంకు పిల్ల మీద వాలింది. పశువుల ఆసుపత్రికి పంపమని వారం నుంచీ బతిమాలుతున్న పిల్ల. "నీ పంట పండింది. ఏకంగా ఆఫీసు!" అంది టీచరు.

విప్పుడుకాయ బయటికి రాగానే ఆ పిల్ల బిక్కమొహంతో చెయ్యి పట్టుకుంది. "అక్కడేం నేర్పుతారే?"

"నీకు గుర్రు పెట్టడం వచ్చా?"

ఫస్ట్ ర్యాంకు తల అడ్డంగా ఊపింది.

"అయితే కూర్చో," అంది విప్పుడుకాయ, "ముందు అది నేర్పుతా."