గోపీనాథ్ చెప్పిన సినిమాలు

ధనుర్మాసం మొదలైందంటే సుభాని చేతికి పని తగ్గిపోయేది. పెళ్లిళ్లు లేని నెలలో రోల్డ్‌గోల్డ్ గాజులు ఎవరికి కావాలి? బందరులో ఆ పని చేసేవాళ్లంతా ఆ నెలని తిట్టుకుంటూ గడిపితే, సుభాని మాత్రం ఏడాది పొడుగునా దానికోసమే ఎదురుచూసేవాడు. మునిసిపల్ స్కూల్లో డ్రాయింగు మాస్టారైన గోపీనాథ్‌కి క్రిస్మస్ సెలవులు వచ్చేది అప్పుడే. సెలవులివ్వగానే అతను స్కూటరు తుడిచి పెట్టేవాడు.

తెల్లవారుతుండగా ఇద్దరూ మఫ్లర్లు చుట్టుకుని మంచులో బయల్దేరేవారు. గుడివాడ, చల్లపల్లి, పులిగడ్డ దాటితే అవనిగడ్డ, ఎక్కడ ఉదయం ఆటకి పాత సినిమా వేస్తే అక్కడికి. గోపీనాథ్ భార్య రాధాకుమారి క్యారేజీలో పులిహోర, పెరుగన్నం సర్ది ఇచ్చేది. తను ఎప్పుడూ రాలేదు. తలుపులు మూసి దీపాలార్పేస్తే ఆమెకి ఊపిరాడదు. అందుకని సాయంత్రం ఇంటికి రాగానే గోపీనాథ్ వంటగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, చూసిన సినిమా అంతా ఆమెకి చెప్పేవాడు. సుభాని టీ తాగేంతసేపు విని లేచి వెళ్లిపోయేవాడు. ఆఖరిదాకా ఏనాడూ కూర్చోలేదు.

అలా వాళ్ల తలలు నెరిశాయి. హాళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గోపీనాథ్ రిటైరయ్యాక కూడా చలికాలం వస్తే స్కూటరు కదలకుండా ఉండేది కాదు. పోయిన వైశాఖంలో అతనికి గుండె పట్టేసింది. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది.

సుభాని పెళ్లి చేసుకోలేదు. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసేసరికి తన ఈడు దాటిపోయింది. తమ్ముడు అజీజ్ ఇంటి మేడమీద ఒక గదిలో ఉంటాడు. మరదలు నీలోఫర్ వేళకి భోజనం పైకి పంపిస్తుంది. ఆ ఇంట్లో అతన్ని ఎవరూ ఒక మాట అనరు. ఎవరూ ఒక మాట అడగరు కూడా. గోపీనాథ్ పోయాక, పొద్దుటినుంచి సాయంత్రందాకా తన గొంతు తనకే వినపడని రోజులు చాలా వచ్చాయి.

డిసెంబరు చివర్లో అతని ఫోనుకి ఒక పోస్టరు వచ్చింది. అవనిగడ్డలో పాత హాలు పడగొట్టి కళ్యాణమండపం కడుతున్నారట. పడగొట్టే ముందు వారం రోజులు ఉదయం ఆటకి పాత సినిమాలు వేస్తున్నారట. సుభాని చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఒక్కడూ వెళ్లాలనిపించలేదు. ఆ మర్నాడు ఊళ్లోనే ఈడేపల్లిలో ఉంటున్న రాధాకుమారిని పలకరించడానికి వెళ్లినప్పుడు మాటల్లో ఆ సంగతి చెప్పాడు.

"నేనూ వస్తానన్నయ్యగారూ," అంది ఆమె.

గోపీనాథ్ అతన్ని బావా అని పిలిచేవాడు. ఆ వరసన ఆమెకి సుభాని అన్నయ్య.

"అది దివిసీమలోనమ్మా," అన్నాడు సుభాని నెమ్మదిగా.

"తెలుసు. తలుపు పక్కన సీటు దొరికితే కూర్చోగలను."

ఆమె పుట్టింది కోడూరు అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లెలో. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు చిన్నపిల్ల. తల్లీ అన్నా కొట్టుకుపోయారు. నీళ్లు తీశాక తుమ్మచెట్టు కొమ్మల్లో ఈ పిల్ల ఒక్కతే ప్రాణంతో కనిపించింది. పెడనలో ఉన్న మేనత్త తీసుకెళ్లి పెంచింది. ఆ తర్వాత ఆమె పులిగడ్డ దాటలేదు. దాటమని గోపీనాథ్ అడగనూ లేదు.

ఇద్దరూ బస్సులో వెళ్లారు. మంచు ఇంకా విడలేదు. రోడ్డుకి ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉంటే డ్రైవరు మెల్లగా తప్పించుకుంటూ పోతున్నాడు. కోతలైన చేలల్లో కుప్పలు మంచులో ముసుగేసుకున్న మనుషుల్లా ఉన్నాయి. చల్లపల్లిలో దిగి టీ తాగుదామా అని సుభాని అడిగితే, వద్దు, దిగితే మళ్లీ ఎక్కలేనేమో అంది. పులిగడ్డ అక్విడెక్టు వంతెన మీదికి బస్సు ఎక్కేసరికి ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. కింద కృష్ణ ఇసకతిప్పల మధ్య సన్నగా పారుతోంది.

"ఇంతేనా," అంది.

హాల్లో జనం పెద్దగా లేరు. చాలామంది ఆ ఊరి పెద్దవాళ్లే, చలికి శాలువాలు కప్పుకుని వచ్చారు. పడగొట్టేదే కదా అని కాబోలు సీట్లు ఎవరూ తుడవలేదు. గేటు దగ్గర మనిషికి చెప్పి సుభాని పక్క తలుపు కొంచెం తెరిపించాడు. ఆ వెలుగు తెరమీద చారలా పడుతున్నా ఎవరూ విసుక్కోలేదు.

ఆ రోజు వేసింది పడవవాడి చెల్లెలి కథ. సుభాని, గోపీనాథ్ దాన్ని ఇదే హాల్లో ఒకసారి చూశారు. అన్నాచెల్లెళ్లు ఏటి ఒడ్డున ఉంటారు. ఊళ్లో పెద్దమనిషి ఆ పడవరేవు కాజేయాలని చూస్తాడు. హాస్యం ఉంది, జాతర ఉంది. రాధాకుమారి నవ్వాల్సిన చోట నవ్వింది. ఇంటర్వెల్లో పులిహోర పొట్లం విప్పి అతని చేతికిచ్చింది. జరగబోయేదంతా ముందే చెబుతోంది కూడా. "ఇప్పుడు ఆ ముసలమ్మ వస్తుంది చూడండి," అంటే ముసలమ్మ వచ్చేది. గోపీనాథ్ ఎంత బాగా చెప్పాడో అనుకుని సుభాని మురిసిపోయాడు.

చివర్లో ఏరు పొంగింది. చెల్లెలు పడవలో చిక్కుకుంది. అన్న ఒడ్డున పరిగెత్తుతూ పిలుస్తున్నాడు. సుభానికి అప్పుడు గుర్తొచ్చింది, ఆ పిల్ల బతకదని. పొద్దున బయల్దేరేటప్పుడే గుర్తురావలసింది. అతను పక్కకి తిరిగేలోపే పడవ తిరగబడింది. ఖాళీ ఏటిమీద తెల్లవారింది. రాధాకుమారి కదలకుండా తెరకేసి చూస్తూ ఉండిపోయింది. దీపాలు వెలిగాక కొంగు సర్దుకుని లేచింది.

బయట టీకొట్టు బల్లమీద కూర్చున్నారు. ఎండ వచ్చింది కానీ దానికి వేడి లేదు.

"ఈ సినిమా మొదట్నించీ ఇంతేనా అన్నయ్యగారూ?"

"ఇంతేనమ్మా."

"ఆయన చెప్పినప్పుడు ఆ పిల్ల బతికింది. తెల్లారాక అన్న వచ్చి చెట్టుమీంచి దించి, భుజానెక్కించుకుని ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ అన్నం కలిపి పెట్టింది."

సుభాని గ్లాసు పక్కన పెట్టాడు. ఆ సినిమాలో చెట్టు లేదు, అమ్మా లేదు.

ఆమె ఏడవలేదు. మీరిద్దరూ గుడివాడలో చూసిన అక్కాచెల్లెళ్ల సినిమా ఒకటుంది కదా, జబ్బుచేసిన అక్క ఏమైంది అని అడిగింది. ఆ అక్క పోయింది. సుభానికి బాగా గుర్తే.

"ఆవిడకి నయమైందమ్మా," అన్నాడు. "పట్నంనుంచి డాక్టరొచ్చి... మందులిచ్చి..."

రాధాకుమారి అతని మొహం చూసి నవ్వింది. "మీకు చేతకాదులెండి. ఆయన చెబితే కళ్లక్కట్టేది."

ఆ తర్వాత ఇంకే సినిమా గురించీ అడగలేదు. బస్టాండులో బందరు బస్సు సిద్ధంగా ఉంది. ఆమె మాత్రం కోడూరు బస్సు దగ్గరికి నడిచింది. పెదనాన్నగారి మనవరాలు సుమలత తను పుట్టిన పల్లెలోనే ఉందట. ఎన్నిసార్లు పిలిచినా తను వెళ్లలేదట. సుభాని తోడొస్తానన్నాడు.

"వద్దండీ. మీరుంటే మీ వెనక దాక్కుంటాను," అంది.

బస్సు మలుపు తిరిగేదాకా చూసి సుభాని బందరు బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాక స్కూటరు ప్రయాణాలు గుర్తొచ్చాయి. వెళ్లేటప్పుడు గోపీనాథ్ బండి నడుపుతూ నోరు మూసేవాడు కాదు. వచ్చేటప్పుడు మాత్రం తాళం సుభాని చేతికిచ్చి వెనక కూర్చునేవాడు. అవనిగడ్డనుంచి బందరుదాకా పలికేవాడు కాదు. చలికి ముడుచుకున్నాడనుకునేవాడు సుభాని. పదిమాటలడిగితే ఒక ఊ వచ్చేది. అంతసేపూ అతను ఎవరిని ఎలా బతికించాలా అని ఆలోచించుకునేవాడన్నమాట. ఆ దారులన్నీ ఇద్దరివీ అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. తిరుగుదారి తనది కాదని ఇప్పుడు తెలిసింది. దానికి కోపం రాలేదు. స్నేహితుడిమీద ఇష్టం ఇంకాస్త పెరిగింది. ఆ ఇష్టంతోపాటే గుండెలో ఒక మూల వెలితి మొదలైంది. తనకోసం అలా కథ మార్చేవాళ్లు ఎవరూ లేరని, తను కథ మార్చి చెప్పాల్సిన వాళ్లూ లేరని అనిపించింది. మోపిదేవి దాటేదాకా కిటికీలోంచి మొహం తిప్పలేదు.

వారం తర్వాత రాధాకుమారి ఫోను చేసింది. తమ ఇల్లుండిన చోట ఇప్పుడు రొయ్యల చెరువుందట. గట్టుమీద కూర్చుని చాలాసేపు ఏడ్చిందట. సుమలత పోనివ్వడం లేదు, మినుము పీకేదాకా ఇక్కడే ఉంటాను అంది. సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తోందట, అయినా నిద్ర పడుతోందట. ఆమె గొంతు తేలికగా ఉంది.

"మీరేం చేస్తున్నారన్నయ్యగారూ?"

"పనుందమ్మా, తీరిక లేదు," అన్నాడు సుభాని. బల్లమీద పనిముట్లు గుడ్డకప్పి ఉన్నాయి.

ఆ తర్వాత జనవరిలో ఒక పొద్దున అతను ఒక్కడూ గుడివాడ వెళ్లాడు. పాత సినిమా ఎక్కడా లేదు. కొత్తదే చూశాడు. చప్పుడు ఎక్కువే కానీ, తండ్రి వేషం వేసిన ముసలాయన బాగా చేశాడు. ఒకచోట చెప్పుల కోసం తడుముకుంటూ మంచం దిగాడు, అచ్చం నిజం మనిషిలా. తిరుగు బస్సులో ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కనున్నాయన దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. పెడన దగ్గర మళ్లీ మంచు పట్టింది. సుభాని మఫ్లరు చెవులమీదికి లాక్కుని, బస్సు ఆగాక దిగి ఇంటికి నడిచాడు.